సీమ గులాబీ మీద కత్తి

సీమ నుంచి ఓడలో వచ్చిన పసుపు గులాబీ పొదంటే రాజుగారికి ప్రాణం. "రాజుగారి సొత్తు మీద కత్తి పెట్టినవాళ్ళ చెయ్యి తీయిస్తాను!" అని దివాను చాటింపు వేయించాడు. అయినా తోటమాలి పైడమ్మ చలికాలం రాగానే పొద కొమ్మలన్నీ పొట్టిగా కత్తిరించేసింది. దివాను ఆమెను కొలువుకు ఈడ్పించాడు.

నున్నగా గీసిన రాజుగారి గడ్డం కంటపడగానే పైడమ్మ నోరు ఊరుకోలేదు.

"పొద్దున్నే ప్రభువుల గడ్డం మీద కత్తి పెట్టినవాడున్నాడు. ముందు అతని చెయ్యి తీయించండి బాబూ! గీసిన గడ్డం మొలిచినట్టే కత్తిరించిన గులాబీ చిగురేస్తుంది. ఎండలు మొదలవనీండి, పొదంతా పసుపుపూలే!"

రాజుగారు గడ్డం తడుముకుని పకపకా నవ్వారు.

"అలాగే తీయించండి దివానుగారూ! రేపటి నుంచి నా గడ్డం మీరే గీద్దురుగాని."

దివాను గబుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.