దివాన్‌గారు మెచ్చిన రంగు

గాజులమ్ముకునే పైడమ్మ తిరునాళ్లకు తిరగడానికి తన చేతులతోనే ఇల్లులాంటి బండి కట్టుకుంది. వెదురు బద్దలు వంచి, వాటిమీద గుడ్డ పరిచి, వాన దిగకుండా గుగ్గిలం కాచి పట్టించింది. ఇక రంగే మిగిలింది. ముందు సున్నంతో అడుగుపూత, దానిమీద తెల్లరంగు వేద్దామనుకుంది.

అంతలో దివాన్ నరసరాజుగారు అటు వచ్చారు. తనకు తెలియని విద్య లేదని ఆయన నమ్మకం.

"తెలుపా? బండికి దర్జా ఉండొద్దూ! అడుగుపూత దండగ. నేరుగా నలుపు పుయ్యి. లేకపోతే ఈ బండిని కోటవాకిలి దాటనివ్వను" అన్నారు.

కోట దాటకపోతే పైడమ్మకు తిరునాళ్లూ లేవు, తిండీ లేదు. "చిత్తం బాబూ" అని అప్పటికప్పుడే నలుపు పూసేసింది. "మా వాళ్లలో ఒక ఆచారముంది బాబూ. రంగు ఎంచిన పెద్దలే ముందుగా బండిలో కూర్చోవాలి. పూత ఆరేదాకా దిగకూడదు."

దివాన్‌గారు ఉబ్బిపోయి ఎక్కి కూర్చున్నారు. అసలే నడివేసవి, మిట్టమధ్యాహ్నం. కాసేపటికే లోపల్నుంచి కేక వినిపించింది.

"ఆరిందా?"

"ఇంకా తడిగానే ఉంది బాబూ."

నలుపు ఎండనంతా పీల్చుకుంది. గుగ్గిలం కరిగి గుడ్డలోంచి లోపలికి దిగింది. ఇక తాళలేక దివాన్‌గారు బయటికి దూకారు. ఒళ్లంతా చెమట, తల బోడి. తలపాగా బండి కప్పుకే అతుక్కుపోయింది.

"తెలుపే వెయ్యి! అడుగుపూత కూడా వెయ్యి!" అని అరిచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

బండికి తెలుపు వేసుకున్నాక ఏ కోటవాకిట కాపలావాళ్లు ఆపి "ఈ రంగు ఎవరు వెయ్యమన్నారు?" అని అడిగినా, పైడమ్మ నిజమే చెప్పేది.

"దివాన్‌గారండీ. లోపల కూర్చుని చూసి మరీ చెప్పారు. నమ్మకపోతే లోపలికెక్కి పైకి చూడండి, ఆయన తలపాగా ఇంకా అక్కడే ఉంది."