తలుపు మీద గుంట

"కొండలూ! ఒరే కొండలూ! ఆ సుత్తి కింద పెట్టరా."

షెడ్డు గుమ్మంలోంచి సిలార్ ఉస్తాద్ కేకేశాడు. కొండలు వినపడనట్టే ఉండిపోయాడు. పాత కారు తలుపు మీద చెక్కసుత్తితో కొడుతూనే ఉన్నాడు. గట్టిగా కాదు. నిద్రపట్టని పసిబిడ్డ వీపు తట్టినట్టు, మెల్లగా, ఒకే చోట.

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "సొట్టలు తియ్యడం నేర్పాను నీకు. పెట్టడం ఎవడు నేర్పాడ్రా?"

"ఇక్కడొక గుంట ఉండాలి ఉస్తాద్. నాన్న బండికి ఉండేది కదా. పాత తలుపు తుప్పు తినేస్తే మార్చాను. దాంతోపాటే గుంటా పోయింది."

ఉస్తాద్ తలుపు వంక చూశాడు. కొండలు వంక చూశాడు.

బయట ముసురు. నరసరావుపేట రోడ్డంతా బూడిదరంగులో తడిసి ఉంది. షెడ్డు రేకుల మీద చినుకులు ఎవరో మెల్లగా ఏడుస్తున్నట్టు పడుతున్నాయి.

అది పెళ్ళి ఊరేగింపుల బండి. ఒకప్పుడు మామూలు ఫియట్ కారే. టాపు కోసేసి, వెనక సీటు సింహాసనంలా ఎత్తు చేసి, ముందు రేకుతో హంస మెడ, పక్కన రెక్కలు అతికించారు. రెక్కల నిండా రంగురంగుల బల్బులు.

కొండలు వాళ్ళ నాన్న అంకయ్య చూపు పోయేదాకా తోలింది ఇలాంటి బండినే. అది పెళ్ళిసామాన్ల షావుకారుది. ఊళ్ళో మాత్రం అందరూ అంకయ్య బండి అనే అనేవాళ్ళు. ముందు బ్యాండు మేళం నడిచేది, వెనక ఆ హంస కదిలేది. మనిషి నడక కంటే నెమ్మదిగా తోలాలి. తోలుతూ అంకయ్య కుడిచెయ్యి బయటికి వేలాడేసి, డప్పుల దరువుకి తలుపు మీద అరచేత్తో కొట్టేవాడు. ఎన్ని పెళ్ళిళ్ళకి కొట్టాడో, రేకు లోపలికి పోయి అక్కడ చెయ్యంత గుంట పడింది.

చిన్నప్పుడు కొండలుకి ఆ బండి చందమామలోంచి దిగివచ్చినట్టు ఉండేది. పొద్దున్నే వెళ్ళి సీటు సందుల్లో వెతికేవాడు. పెళ్ళికూతుళ్ళ జడల్లోంచి రాలిన మల్లెలు దొరికేవి, వాడిపోయి, ఇంకా వాసనేస్తూ.

తర్వాత అంకయ్యకి షుగరొచ్చి కళ్ళు పోయాయి. ఆయన ఆస్పత్రిలో ఉండగా షావుకారు బండిని పాత ఇనుముకి ఇచ్చేశాడు. తెలిసి, నాన్నకి చెప్పి కొండలు పరుగెత్తాడు. అప్పటికే కోసేశారు.

తిరిగి ఆస్పత్రికి వచ్చేసరికి అంకయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"దొరికిందారా బండి?"

"దొరికింది నాన్నా."

ఆ మాట తనే అన్నాడా అని కొండలుకి ఇప్పటికీ అనుమానమే. అంతవరకు కొడుకు వైపు తిరగని ఆ గుడ్డికళ్ళు, ఆ మాట విని తిరిగాయి. అంతే. ఇక వెనక్కి తీసుకోలేకపోయాడు.

అప్పటినుంచీ అలాంటి బండి కోసం ఊరూరా తిరిగాడు. చివరికి రేపల్లె దగ్గర ఒక మూతబడిన రైసుమిల్లు వెనక దొరికింది. అందులో మేకలు పడుకుంటున్నాయి. ఉన్నదంతా పెట్టి కొన్నాడు. సీటు సందుల్లో చెయ్యి పెడితే మేకపెంటికలు తగిలాయి. అయినా మనసులో మల్లెల వాసనే వచ్చింది.

షెడ్డుకి తెచ్చి, "నాన్న బండి ఉస్తాద్" అన్నాడు. ఉస్తాద్ అంకయ్య బండి ఇంజను ఎన్నోసార్లు విప్పి బిగించిన మనిషి. అయినా "అలాగా" అన్నాడు, అంతే. తెలిసి ఊరుకున్నాడో, తెలియక ఊరుకున్నాడో కొండలుకి అంతుపట్టలేదు.

ఇప్పుడు అంకయ్యకి కిడ్నీలు కూడా పనిచెయ్యడం లేదు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఆయన అడిగింది ఒక్కటే. "ఒక్కసారి బండి దగ్గరికి తీసుకెళ్ళరా. చేత్తో తడిమి చూసుకుంటా."

అందుకే ఈ గుంట.

"నావల్ల కావడం లేదు ఉస్తాద్," అన్నాడు కొండలు. "కొత్తగా కొట్టినట్టే ఉంటోంది. మీ చెయ్యి పడితే పాతదానిలా వస్తుంది. కొట్టిపెట్టరూ?"

ఉస్తాద్ పనిముట్ల పెట్టె తెరిచి చాలాసేపు వెతికాడు. ఒక్కో సుత్తీ తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. మూత వేశాడు.

"పాతవాటిని కొత్త చేసేవి ఉన్నాయిరా. కొత్తవాటిని పాత చేసేది లేదు నా దగ్గర."

కొండలుకి రోషం వచ్చింది. తనే కూర్చున్నాడు. కొట్టి, తడిమి, మళ్ళీ కొట్టాడు. మర్నాటికి గుంట కుదిరింది. రంగేసి, అంచుల్లో రంగు అరిగినట్టు గరుకు కాగితంతో రుద్దాడు కూడా. సంబరపడుతూ ఉస్తాద్‌ని పిలిచాడు.

"చూడండి! ఏళ్ళ తరబడి పడ్డ గుంటలా లేదూ?"

ఉస్తాద్ గుంట వంక చూడలేదు. కొండలు మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిని తీసుకెళ్ళి గుంటలో పెట్టాడు.

వేళ్ళు, బొటనవేలి కింది కండ, మణికట్టు అంచు, అన్నీ సరిగ్గా ఒదిగిపోయాయి. అచ్చులో పోసినట్టు.

కొండలు చెయ్యి లాక్కోబోయాడు. ఉస్తాద్ వదల్లేదు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత వదిలేసి, టీకొట్టు వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆటోలో అంకయ్య వచ్చాడు. కొండలు రెండు చేతులా ఎత్తి దింపాడు. ఎండిన కొమ్మలా తేలిగ్గా ఉన్నాడు.

"ఏం సాయిబూ, ఇంకా ఉన్నావా?"

"నువ్వు పోకుండా నేనెలా పోతాను అంకయ్యా? నీ బండికి ఆయిల్ ఎవడు మారుస్తాడు?"

"ఆయిల్ మార్చేవాడివి, నా దగ్గర బీడీలు కొట్టేసేవాడివి."

ఇద్దరూ నవ్వారు. అంకయ్యకి నవ్వు దగ్గుగా మారింది. దగ్గు తగ్గేదాకా అందరూ ఆగారు.

తర్వాత ఆయన హంస మెడ పట్టుకున్నాడు. రెక్కల మీదుగా, ఒక్కో బల్బూ తాకుతూ నడిచాడు. కొండలు వెంట నడిచాడు. చెయ్యి తలుపు మీదికి వచ్చింది. గుంట దగ్గర ఆగింది.

అంకయ్య అరచెయ్యి వెడల్పు. గుంటలో కూర్చోలేదు. కొంచెం పక్కకి జరిపాడు. వేళ్ళు మడిచి చూశాడు. మళ్ళీ చాపాడు.

చివరికి చెయ్యి తీసేశాడు.

"బాగా చేశావురా," అన్నాడు అంకయ్య, మెల్లగా. "చాలా కష్టపడ్డావు. ఎక్కించు, కూర్చుంటా."

కొండలు ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ఆయన కుడిచెయ్యి అలవాటుగా బయటికి వేలాడింది. కానీ తలుపు మీద కొట్టలేదు. ఊరికే వేలాడుతూ ఉంది.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉంది. బాగైన బండిని మొదటిసారి స్టార్ట్ చేసేముందు, పని చేసినవాడు బానెట్ మీద చెయ్యి వెయ్యాలి. ఎవరి బండి అని ఉస్తాద్ అడుగుతాడు. ఓనరు పేరు చెప్పాలి. చెప్పాకే తాళం ఇస్తాడు. ఎందుకలా అని కొండలు చేరిన కొత్తలో అడిగితే, "నెలల తరబడి చేతులు పెడితే పనివాడికి బండి తనదే అనిపిస్తుందిరా, అందుకని" అన్నాడు.

ఉస్తాద్ తాళం పట్టుకుని ముందుకు వచ్చాడు. కొండలు బానెట్ మీద చెయ్యి వేశాడు. రేకు చల్లగా ఉంది.

"ఎవరి బండి?"

గొంతులో కోపం లేదు. ఎప్పుడూ అడిగేలాగే అడిగాడు.

కొండలు నోరు తెరిచాడు. అంకయ్య పేరు నాలుక మీదే ఉంది. ఒక్క మాట. ఆ మాట అంటే తాళం వస్తుంది, బల్బులన్నీ వెలుగుతాయి, నాన్న హాయిగా కళ్ళు మూసుకుంటాడు. అంతా తను కలగన్నట్టే జరుగుతుంది.

అద్దం అవతల నాన్న ముఖం కనిపిస్తోంది. ఆయన వింటున్నాడు. తల కొంచెం వంచి, దూరంగా ఎక్కడో మేళం మొదలవుతుందేమోనని వినేవాడిలా.

ఉస్తాద్ రెండోసారి అడగలేదు. తాళం చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. తెల్లారేదాకా అయినా అలాగే నిలబడేలా ఉన్నాడు.

కొండలు చెయ్యి బానెట్ మీదనుంచి జారిపోయింది. నడిచి వెళ్ళి, వేలాడుతున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాన్నా, నీ బండి కోసేశారు. నేను వెళ్ళేసరికి తలుపొక్కటే మిగిలింది. గుంటలో చెయ్యి పెట్టి చూశాను కూడా. అడిగితే ఇచ్చేవాళ్ళే. ఇంటికి తెస్తే బండి లేదని నీకు తెలిసిపోతుందని, అక్కడే వదిలేసి వచ్చాను నాన్నా."