ఎలుగుబంటి కొట్టం, ముళ్లపంది తలుపు

అనగనగా తూర్పు కొండల నడుమ, చలికాలం వస్తే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే ఒక అడవిలో, బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వాడి ఒంటి బొచ్చు చూస్తే పాత బొంత కప్పుకున్నట్టే ఉండేది, అందుకే ఆ పేరు. పేరును చూసి నవ్వకండి పిల్లలూ. వడ్రంగి పనిలో ఆ అడవి మొత్తంలో వాడికి సాటి ఎవరూ లేరు.

కాకపోతే వాడికి పని చేసుకునే చోటే లేదు. చెట్టు కింద కూర్చుంటే వానకు ఉలులు తుప్పు పట్టేవి, పలకలు నానిపోయేవి. ఒక ఏడు చలి మొదలవుతుండగా బొంతయ్య అందరినీ పిలిచాడు.

"దుంగలతో ఒక కొట్టం కట్టుకుంటాను. చలికాలంలో చెట్టులో నీరు తక్కువ. ఇప్పుడు కొట్టిన దుంగ తొందరగా చీలదు. కాస్త సాయం పట్టండి," అన్నాడు.

అడవిదున్న కొండన్న మద్ది దుంగలు ఈడ్చుకొచ్చాడు. ముళ్లపంది సూదెమ్మ మూల గుంజలకు గుంటలు తవ్వింది. నేల రాయిలా గట్టిగా ఉంది. తవ్వి తవ్వి ఆమె గోళ్లు అరిగిపోయాయి. అప్పటికే ఆమె బొరియ ముందు భాగం వానలకు విరిగిపడింది. దాన్ని బాగు చేసుకోవాల్సిన రోజుల్లో ఆమె ఇక్కడ పని చేసింది. ఎందుకంటే బొంతయ్య మాట ఇచ్చాడు.

"నీ బొరియకు తలుపు చేసే పూచీ నాది, చెల్లెమ్మా. చలి ముదిరేలోగా పెట్టి తీరతాను."

సూదెమ్మకు ఒక్కగానొక్క పిల్ల. పుట్టి ఎన్నాళ్లో కాలేదు. దాని ముళ్లు కూడా ఇంకా గట్టిపడలేదు.

దుంగ మీద దుంగ లేచింది. గోడల సందుల్లో బంకమట్టి, నాచు కలిపి కూరుతున్నప్పుడు సూదెమ్మ వచ్చింది.

"అన్నా, గాలి నేరుగా లోపలికి కొడుతోంది. పిల్ల వణికిపోతోంది."

"కప్పు లేని కొట్టంలో పనెలా మొదలుపెట్టను? కప్పు పడనీ. మొదటి పని నీదే," అన్నాడు బొంతయ్య.

కప్పు పడింది. బొంతయ్య పనిబల్ల చేసుకుంటున్నాడు. సూదెమ్మ మళ్లీ వచ్చింది.

"తలుపు సంగతేమిటన్నా? పిల్లకు దగ్గు పట్టుకుంది."

బొంతయ్య గోడకు ఆనించిన వేగిస చెట్టు పలకను వేలితో తట్టాడు. "విన్నావా ఆ మోత? ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు తలుపు చేస్తే నెల తిరక్కుండానే వంకర పోతుంది. ఆరనీ."

"వంకరదైనా చాలన్నా. దుంగలు చెక్కినప్పుడు పడిన తొక్క పలకలు బయట ఉన్నాయి కదా. వాటిలో ఒకటి కోసి బిగించు."

బొంతయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "తొక్క పలకా! బొంతయ్య చేసిన తలుపు ఇదీ అని నలుగురూ చూస్తే నా పేరేం కావాలి?"

పాపం, వాడు చెడ్డవాడు కాదు. బద్ధకస్తుడు అసలే కాదు. సూదెమ్మకు అడవిలో ఎవరికీ లేనంత మంచి తలుపు చేసిపెట్టాలని వాడి ఆశ. ఆ ఆశే వాడి కళ్లు కప్పేసింది.

మూడోసారి సూదెమ్మ రాలేదు. పిల్లను వదిలి రాలేకపోయింది. కొండన్న వచ్చాడు.

"ఒక తొక్క పలక తీసుకెళ్లి ఆ బొరియకు అడ్డం పెట్టాను. గాలికి పడిపోయింది. నాకు కొమ్ములున్నాయి గాని చేతులు లేవు కదా. నువ్వొచ్చి నాలుగు మేకులు కొట్టు. పూట పని కూడా కాదు."

బొంతయ్య పనిముట్లు తగిలించుకోవడానికి గోడకు కొయ్యలు దిగ్గొడుతున్నాడు. ఉలికి ఒకటి, బాడిసకు ఒకటి, చిత్రికకు ఒకటి. "రంపానికి ఇంకా చోటు కుదరలేదు. పలక కూడా రేపో మాపో ఆరిపోతుంది. అంతదాకా ఓపిక పట్టమను," అన్నాడు.

"ఓపిక పట్టాల్సింది సూదెమ్మ కాదురా, ఆ పసిగుడ్డు," అన్నాడు కొండన్న. వెనుదిరిగి వెళ్లిపోయాడు.

బొంతయ్య చేతిలో సుత్తి ఒక్క క్షణం ఆగింది. బయటికి చూశాడు. మంచు కురుస్తోంది. వెళ్దామా అనుకున్నాడు. మళ్లీ కొయ్య మీద దెబ్బ వేశాడు.

చివరికి కొట్టం పూర్తయింది. పలకా ఆరింది. బొంతయ్య దాన్ని చిత్రిక పట్టి అద్దంలా నున్నగా చేశాడు. అంచున లతలు చెక్కాడు. మరునాడు ఎండ కాస్తుండగా దాన్ని వీపున మోసుకుని బయలుదేరాడు. దారంతా సూదెమ్మ ఎంత మురిసిపోతుందో అనుకుంటూ నడిచాడు.

సూదెమ్మ బొరియ బయట కూర్చుని ఉంది.

"చెల్లెమ్మా! చూడు, ఒక్క పగులు లేదు. నీ మనవలు కూడా ఈ తలుపు వేసుకుంటారు!"

సూదెమ్మ తలుపును చూసింది. "బాగుందన్నా," అంది.

"పిల్లేదమ్మా?"

ఆమె బొరియ వైపు తల తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇప్పుడు లోపల ఎవరున్నారని తలుపు తెచ్చావన్నా?"

బొంతయ్య తనకు తెలిసిన పనే చేశాడు. గడప పాతి తలుపు బిగించాడు. అది ఎంత చక్కగా అమరిందంటే, వెంట్రుక దూరేంత సందు కూడా మిగల్లేదు. బొరియ వెచ్చగా అయింది. సూదెమ్మ మాత్రం లోపలికి వెళ్లలేదు. బొంతయ్య ఆమె పక్కనే నేల మీద కూలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత ఎవరు ఏ అవసరమని వచ్చినా బొంతయ్య ముందు ఏదో ఒక చెక్క పట్టుకుని పరుగెత్తేవాడు. మంచి పని తీరిగ్గా తర్వాత చేసేవాడు. "ఇదేం వంకర పనిరా బొంతయ్యా?" అని ఎవరైనా నవ్వినా పట్టించుకునేవాడు కాదు. అడవిలో అందరూ వాడిని మెచ్చుకున్నారు. కానీ ఆ దారిన వెళ్లినప్పుడల్లా వాడు సూదెమ్మ తలుపు వైపు కన్నెత్తి చూడలేకపోయేవాడు.

నీతి: ఆపదలో ఉన్నవారికి వేళకు అందిన చిన్న సాయమే గొప్ప సాయం. మన పేరు కోసం దాన్ని ఆలస్యం చేస్తే, తర్వాత ఎంత గొప్పగా చేసినా ఉపయోగం ఉండదు.