పుల్లనీళ్ళు పోయని నార

షెడ్డులో నారపని నేర్పే గురువు సన్నాసయ్యకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా ముందు చేతికింత నార ఇచ్చి తాడు పేనమనేవాడు. తాడు సాగేకొద్దీ ప్రశ్న సగం దానంతటదే విడిపోతుందని ఆయన నమ్మకం. నార నానబెట్టే కాస్టిక్ సోడా నీళ్ళలో ఏనాడూ వేలు ముంచని వాళ్ళు ఆ పని గురించి గంటల తరబడి మాట్లాడతారు. ఆయన మాట్లాడేవాడు కాదు.

ఆ రోజు అడిగినవాడు తవిటయ్య. శిష్యుల్లో పెద్దవాడు, తల నెరిసినవాడు. మొరటు గోగునార కాస్టిక్ తాగి ఉబ్బుతుంది. ముడుచుకుపోకుండా దాన్ని చట్రానికి బిగలాగి కడితే పట్టులా మెరుస్తుంది, రంగు పట్టుకుంటుంది. ఆ బిగింపులో అతన్ని మించినవాడు ఆ షెడ్డులో లేడు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"గురువుగారూ, మా తమ్ముడు మంచం పట్టాడట. నన్ను తీసుకురమ్మని కూతుర్ని పంపాడు. అమ్మ పోయినప్పుడు పెద్దకొడుకుని నేను దారిలో ఉన్నాను. నా కోసం ఆగకుండా వాడే తలకొరివి పెట్టేశాడు. ఆ కోపమే ఇన్నాళ్ళూ నన్ను నిటారుగా నిలబెట్టింది. ఇప్పుడది వదిలేస్తే నాలో ఇంకేం మిగులుతుంది? వెళ్ళనా, మాననా?"

తమ్ముడి కూతురు పైడమ్మ గుమ్మం బయట వానలో నిలబడి ఉంది. లోపలికి రమ్మని అతను అనలేదు.

గురువు అటక మీంచి ఒక కట్ట దించాడు. "ఎవరి చేతిపని ఇది?"

తవిటయ్య చూడగానే పోల్చుకున్నాడు. ఎండాకాలంలో తను చేసిందే. ఆ రోజు ఎవరో వచ్చి తమ్ముడి పేరెత్తారు. ఆ మంటలో, చివర చింతపండు పిసికిన పుల్లనీళ్ళు పోసి కాస్టిక్ ఘాటు విరిచే పని మానేశాడు. "ఇంత మెరుస్తుంటే దీనికి మళ్ళీ పులుసొకటా!" అని ఉత్త నీళ్ళు చిలకరించి ఆరేశాడు. గురువు అది చూసి కూడా ఊరుకున్నాడు.

"నాదే," అన్నాడు తవిటయ్య, కొంచెం గర్వంగానే. నార ఇంకా మెరుస్తూనే ఉంది.

"మెరుపుకి నాకూ కళ్ళు చెదిరాయిలే. పేను."

రెండో మెలికకే పుటుక్కుమంది. ఇంకో పాయ తీశాడు. అదీ అంతే. మూడోది పేనకముందే చేతిలో పొడిపొడిగా రాలింది.

"కాస్టిక్ చెయ్యాల్సిన పని ఆ పూటే అయిపోయింది తవిటయ్యా," అన్నాడు గురువు. "ఆ తర్వాత ఇన్నాళ్ళూ లోపల ఉండి ఏం చేస్తోందనుకున్నావు?"

బయటినుంచి పైడమ్మ గొంతు వినిపించింది. "పెదనాన్నా, నిన్నటిదాకా నాన్న నీ పేరే కలవరించాడు. పొద్దున్నుంచి అదీ లేదు. ఈ బస్సు పోతే మళ్ళీ సాయంత్రమే."

అతను కింద రాలిన పొడిని దోసిట్లోకి ఎత్తుకున్నాడు. "ఇప్పుడు పోస్తే, గురువుగారూ? పుల్లనీళ్ళు ఇప్పుడు పోస్తే ఏమన్నా..."

గురువు మూలనున్న చింతపండు నీళ్ళ ముంత తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నారకు ఆలస్యమైపోయింది. చేతులు కడుక్కో. పిల్ల తడుస్తోంది."