మేపుల్ ఆకు ఎర్రటి చెయ్యి ఎలా అయింది

ఒకప్పుడు జపాను మేపుల్ చెట్టు ఆకు గుండ్రంగా ఉండేది. అప్పడం ఎంత గుండ్రంగా ఉంటుందో అంత గుండ్రం. అంచున ఒక్క గాటు కూడా ఉండేది కాదు. రంగు కూడా అంతే, ఏడాది పొడుగునా ఒకటే ఆకుపచ్చ.

పువ్వు పూసేది కానీ ఎవరికీ కనిపించేది కాదు. కాయ కాసేది కానీ తినడానికి పనికొచ్చేది కాదు. కొండ మీద పెద్ద పెద్ద దేవదారు చెట్ల కింద, వాటి నీడలో, ఎవరి కంటా పడకుండా బతికేది.

మరి ఇప్పుడు ఆ ఆకుకి చేతికున్నట్టు వేళ్ళెక్కడివి? ఆ ఎరుపు ఎక్కడిది? అది తెలియాలంటే షిగే, నావో అనే అక్కచెల్లెళ్ళకి ఏం జరిగిందో తెలియాలి.

తూర్పున, సముద్రం మధ్యలో ఉన్న ఆ దీవుల దేశంలో, ఒక కొండ కింద వాళ్ళ ఇల్లు. తల్లీ తండ్రీ లేరు. షిగే పెద్దది, నావో చిన్నది. ఇంటి చుట్టూ కాస్త పెరడు. అందులో ముల్లంగి, చిక్కుళ్ళు, దుంపలు పండించుకుని తినేవాళ్ళు.

చలికాలం వస్తే అక్కడ మోకాళ్ళ లోతు మంచు పడుతుంది. ఒక్క గింజ కూడా మొలవదు. అందుకని ముల్లంగి ముందే ఎండబెట్టి దాచుకోవాలి. షిగేకి పొద్దున్న లేచింది మొదలు అదే ధ్యాస. చిన్నప్పుడు ఒక చలికాలం చెల్లెలు ఆకలికి ఏడవడం ఆమె చూసింది. అది మరిచిపోలేదు.

నావోకి మాత్రం మొక్కలంటే పిచ్చి. ఒక వసంతంలో కట్టెల కోసం కొండెక్కితే, ఒక పెద్ద దేవదారు గాలివానకి కూలిపోయి కనిపించింది. దాని పక్కన జానెడు మేపుల్ మొక్క ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. నీడనిచ్చే చెట్టు పోయింది కదా, ఎండకి దాని ఆకులు అప్పటికే మాడుతున్నాయి. నావో తన తలగుడ్డ విప్పి, వేళ్ళ చుట్టూ మట్టి రాలిపోకుండా మొక్కని పెకలించి, మూటకట్టి ఇంటికి తెచ్చేసింది.

ముందు వాకిట్లో నాటింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. నావో తలెత్తి సూర్యుణ్ణి కోప్పడింది. నేను అందరి మీదా ఒకేలా కాస్తాను తల్లీ, నా పొద్దుటి ఎండే దానికి సరిపోతుంది, మధ్యాహ్నపు ఎండ పడదు, అన్నాడు సూర్యుడు.

ఆ మాట వినగానే నావో పార తీసింది. ఇంటికి తూర్పు పక్కకి మార్చింది. అక్కడైతే పొద్దున్న లేత ఎండ తగులుతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి గోడ నీడ పడుతుంది. దాని వేళ్ళు లోతుకి పోవు, పక్కలకి పాకుతాయి. అది చూసి గొయ్యి లోతు తక్కువగా, వెడల్పుగా తవ్వింది. మొదలు మట్టిలో కూరుకుపోకుండా పైకే ఉంచింది. చుట్టూ ఎండుటాకులు పరిచింది. రోజూ చెంబుతో నీళ్ళు తెచ్చి, పసిపిల్లకి పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా పోసేది.

మొక్కకి ఇదంతా వింతగా ఉంది. తనని ఒకరు రోజూ వచ్చి చూడడం దానికి అదే మొదటిసారి. ఆ సంతోషానికి అది పెరిగింది చూడండి, కంచె దాటింది, కిటికీ దాటింది, చివరికి ఇంటి చూరు దాటి కొండవైపు తల పెట్టి నిలబడింది.

అయితే పెరట్లో మంచి నేలంతా ఆ తూర్పు పక్కనే ఉంది. షిగే ముల్లంగి మడి కూడా అక్కడే. చెట్టు పెరిగిన కొద్దీ మడి చిన్నదైపోయింది. షిగే చాలాసార్లు గొణిగింది. నావో చాలాసార్లు విననట్టు ఊరుకుంది.

ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. ముల్లంగి చిటికెన వేలంత అయి ఆగిపోయింది. చలికాలం దగ్గరపడుతోంది. అటక మీద చూస్తే ఎండు ముల్లంగి ఒక మూలకి కూడా సరిపోలేదు. ఆ పొద్దున్న షిగే చెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది.

"చెల్లీ, ఈ చెట్టు మనకి ఏమిస్తుంది?" అని అడిగింది.

"ఏమీ ఇవ్వదక్కా" అంది నావో.

"అయితే దీన్ని తవ్వి తీసెయ్. చలి ముదరకముందే ఇక్కడ ఇంకో విడత ముల్లంగి వేద్దాం. నేను కొండ మీదికి పుట్టగొడుగులకి వెళ్తున్నాను. వచ్చేసరికి ఇది ఇక్కడ ఉండకూడదు."

ఇంకో మాటకి చోటివ్వకుండా బుట్ట వీపున తగిలించుకుని షిగే కొండెక్కింది.

నావో పార తెచ్చింది. చెట్టు మొదట్లో ఎండుటాకులు పక్కకి తోసి ఒక దెబ్బ వేసింది. ఇంకో దెబ్బ వేసింది. మట్టి కింద సన్నటి వేళ్ళు జుట్టులా బయటపడ్డాయి. అవన్నీ తను పోసిన నీళ్ళు తాగి పెరిగినవే. నావో చేతులు ఆగిపోయాయి. మళ్ళీ అక్క మాట గుర్తొచ్చింది. పార ఎత్తింది. దించలేకపోయింది. చివరికి పార అక్కడే గుచ్చి, చెట్టుకి ఆనుకుని కూలబడింది.

"తవ్వితే తవ్వు నావో, నేను నిన్నేమీ అనను" అంది చెట్టు మెల్లగా.

ఇద్దరూ అలా ఉండగానే మధ్యాహ్నం తిరిగిపోయింది. అప్పుడు దిగింది కొండ మీంచి పొగమంచు.

ముందు శిఖరం మాయమైంది. తర్వాత దేవదారు చెట్లు మాయమయ్యాయి. చూస్తూ ఉండగానే కొండకి పోయే దారి కూడా మాయమైంది. ఎటు చూసినా పాలు ఒలకబోసినట్టు తెలుపు. ఆ దారికి ఒక పక్కన లోతైన లోయ ఉంది. దారి బాగా కనిపించే రోజున కూడా అక్కడ గోడ పట్టుకుని నడిచినట్టు కొండని పట్టుకుని నడవాలి. అక్క ఇంకా పైనే ఉంది.

నావో గొంతు చించుకుని అరిచింది. అరుపు దూదిలో పడ్డట్టు పొగమంచులో పడి అక్కడే ఆగిపోయింది. పక్కకి తొలగమని పొగమంచుని బతిమాలింది. నేను ఎవరికీ చెడు చెయ్యను, నాకు కళ్ళు లేవు, ఎవరు ఎక్కడున్నారో నాకూ తెలియదు, అంది పొగమంచు. అని అలాగే కదలకుండా పడుకుంది.

నావో కొండవైపు పరిగెత్తబోయింది. చెట్టు ఆపింది. నువ్వు వెళ్తే ఇద్దరూ తప్పిపోతారు, నా తల చూరు కంటే ఎత్తున ఉంది కదా, నేను పిలుస్తానుండు అంది.

పిలుస్తానని అనేసింది గానీ ఎలా పిలవాలి? చెట్టుకి గొంతు చిన్నది. అందుకని గాలిని కేకేసింది. గాలి కొండ మలుపులో కుక్కపిల్లలా ఆడుకుంటోంది. పిలవగానే రివ్వుమని వచ్చేసింది. సంగతి విని చెట్టుని గట్టిగా ఊపింది. గుండ్రటి ఆకులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అంతే. దూరం నుంచి చూస్తే ఏదో పచ్చటి మూట కదిలినట్టుంది.

"ఇలా లాభం లేదు" అంది గాలి. "పిలవాలంటే చెయ్యి ఊపాలి. చెయ్యికి వేళ్ళుండాలి. నీ ఆకుకి వేళ్ళు చెయ్యాలంటే నేను దాన్ని చీల్చాలి. నొప్పెడుతుంది మరి."

"చీల్చు మామా" అంది చెట్టు.

గాలి వెనక్కి వెళ్ళి, పరిగెత్తుకుంటూ వచ్చింది. పర్రుమంటూ ఆకులు చిరిగాయి. గుడ్డ చిరిగినట్టు ఒకటే చప్పుడు. చెట్టు మొదలంటా వణికింది కానీ చాలు అనలేదు. గాలికి తొందరలో లెక్క చూసుకునే తీరిక లేదు. కొన్ని ఆకులకి ఐదు వేళ్ళొచ్చాయి, కొన్నిటికి ఏడు. ఎన్నయితేనేం, చెట్టు నిండా చేతులే. అన్నీ ఒక్కసారిగా ఊగాయి.

నావో దూరంగా వెళ్ళి చూసి వచ్చింది. చేతులు బాగానే ఊగుతున్నాయి. కానీ అంత పొగమంచులో ఆ పచ్చటి చేతులు ఎవరికి కనిపిస్తాయి?

అప్పుడు చెట్టు సూర్యుణ్ణి పిలిచింది. ఆయన పొగమంచుకి పైన, పడమటి కొండ మీద, ఇంటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు. చేతిలో సాయంత్రపు ఎరుపు పట్టుకుని ఉన్నాడు.

"తాతా, ఆ ఎరుపులో కొంచెం నాకు ఇస్తావా?"

ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు, కానీ వెచ్చటి ఆకు మీద ఎరుపు నిలవదు, నీళ్ళలా జారిపోతుంది, దాన్ని పట్టి ఉంచడం చలికి ఒక్కదానికే చేతనవును, అన్నాడు సూర్యుడు. ఆ మాట చెప్పి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయనకీ చలికీ పడదు మరి. ఆయన వస్తే చలి వెళ్ళిపోతుంది. ఆమె వస్తే ఆయన తగ్గిపోతాడు. ఇద్దరూ కలిసి ఒక పని చేసింది లేదు.

చెట్టు చలిని కూడా పిలిచింది. రాళ్ళ సందుల్లోంచి చలి పెద్దమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. సూర్యుణ్ణి చూసి ఆగిపోయింది. చెట్టు ఇద్దర్నీ బతిమాలింది. లోయ అంచున ఒక మనిషి ఉందని చెప్పింది. మీ పోట్లాట రేపు పెట్టుకోండి, ఈ ఒక్క సాయంత్రం నా ఆకు మీద చేతులు కలపండి అంది.

చలి పెద్దమ్మ ఆకుని పట్టి చూసింది.

"నేను పట్టుకుంటే ఎరుపు నిలుస్తుంది. కానీ నీ పచ్చదనం పోతుంది, తర్వాత ఆకులన్నీ రాలిపోతాయి. చలికాలమంతా బోడిగా నిలబడాలి. పైగా నిన్ను తవ్వెయ్యమన్నది ఆవిడే కదా?"

"ఆకులు మళ్ళీ వస్తాయి పెద్దమ్మా" అంది చెట్టు. "ఆమె పోతే మళ్ళీ రాదు."

చలి పెద్దమ్మ కొమ్మ దగ్గరికి జరిగింది. సూర్యుడు ఒంగి ఒక పక్క నుంచి ఆకుల్ని తాకాడు. చలి ఇంకో పక్క నుంచి తాకింది. కొమ్మ చివరన ఒక ఆకు ఎర్రబడింది. దాని పక్కది ఎర్రబడింది. ఎరుపు కొమ్మల వెంట పరుగులు తీసింది. నావో నోరు తెరుచుకుని చూస్తూ ఉండగానే చెట్టు చెట్టంతా భగ్గుమంది. గాలి ఊపింది. ఎర్రటి చేతులన్నీ కొండవైపు లేచి ఊగాయి.

పైన షిగే పాకుతోంది. నడిచే ధైర్యం ఎప్పుడో పోయింది. చేత్తో తడుముతూ ఒక రాయిని పట్టుకుంది. కాలు ముందుకి చాపింది. కాలి కింద ఏమీ తగల్లేదు. అప్పుడే తలెత్తింది. తెల్లటి పొగమంచులో, పక్కగా, కింద, ఎర్రగా ఏదో ఊగుతోంది. కళ్ళు నులుముకుని చూసింది. చేతులు. ఒకటి కాదు, రెండు కాదు. ఇటు రా, ఇటు రా అని పిలుస్తున్నాయి.

చెల్లెలు ఊరందరినీ పోగు చేసి నిలబెట్టిందనుకుంది షిగే. చాపిన కాలు వెనక్కి తీసుకుంది. చేతులు ఊగే వైపుకి మళ్ళింది. మధ్యలో అవి కనిపించకపోతే అక్కడే ఆగింది. మళ్ళీ కనిపించగానే కదిలింది. అలా జారుతూ, లేస్తూ, బుట్ట మాత్రం వదలకుండా కంచె దగ్గరికి వచ్చి పడింది.

అక్కడ ఊరు లేదు. నావో ఒక్కతే ఉంది. ఆమె రెండు చేతులూ చెట్టుని కావలించుకుని ఉన్నాయి.

"నన్ను పిలిచింది నువ్వు కాదా?" అంది షిగే.

"నేను అరిచానక్కా. నీకు వినిపించలేదు. చెయ్యి ఊపింది ఇదే."

షిగే చెట్టుని కింద నుంచి పైదాకా చూసింది. ఒక ఆకుని పట్టుకుని తన అరచేతి పక్కన పెట్టుకుంది. వేలికి వేలు సరిపోయింది. తర్వాత చెట్టు మొదట్లో గుచ్చి ఉన్న పారని చూసింది. అది తీసి దూరంగా పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, తవ్విన మట్టంతా చేతులతోనే మళ్ళీ వేళ్ళ మీద కప్పింది. మెత్తగా అదిమింది. నావో నీళ్ళు తెచ్చింది.

కొద్ది రోజులకే ఎర్రటి ఆకులన్నీ రాలిపోయాయి. షిగే భయపడిపోయింది. చెట్టు చచ్చిపోతుందేమోనని మొదలు చుట్టూ గడ్డి చుట్టింది. మంచు పడ్డప్పుడల్లా బయటికి వచ్చి కొమ్మల మీద మంచు దులిపింది. ఎండు పుట్టగొడుగుల పులుసుతో, ఉన్న కాస్త ముల్లంగితో అక్కచెల్లెళ్ళు ఆ చలికాలం ఎలాగో గట్టెక్కారు.

మంచు కరిగిన ఒక పొద్దున్న షిగే కేక విని నావో పరిగెత్తుకొచ్చింది. కొమ్మ చివర్న చిన్న చిన్న ఆకులు, పసిపిల్లల పిడికిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. చూస్తూ ఉండగానే ఒక పిడికిలి విచ్చుకుంది. లేత ఆకుపచ్చ వేళ్ళు. షిగే వాటిని లెక్కపెట్టి, నవ్వి, వెళ్ళి ముల్లంగి మడిని పడమటి పక్కకి మార్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో అక్కచెల్లెళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. అయినా సూర్యుడూ చలీ చెట్టు దగ్గర మళ్ళీ కలుసుకున్నారు. పోట్లాడుకోకుండా ఇద్దరూ చెరో పక్క నిలబడి ఆకుల్ని తాకారు. చెట్టు మళ్ళీ భగ్గుమంది. గాలి దాని గింజల్ని కొండలన్నిటి మీదా చల్లింది. మొలిచిన ప్రతి మొక్కా చేతుల్లాంటి ఆకులతోనే మొలిచింది.

అప్పటినుంచే జపాను మేపుల్ ఆకు అరచేతిలా ఉంటుంది. పెరట్లో నాటితే పొద్దుటి ఎండా, మధ్యాహ్నపు నీడా కావాలంటుంది. పగలు ఎండ, రాత్రి చలి కలిసిన చోటే ఎర్రబడుతుంది, చలి రాని చోట పచ్చగానే ఉండిపోతుంది. ఏటా పొగమంచు దిగే వేళకి, ఎవరైనా దారి తప్పారా లేదా అని అడక్కుండానే, తన చేతులన్నీ ఎర్రగా చేసుకుని ఇంటికి రమ్మని ఊపుతూ ఉంటుంది.