స్ప్రింగులు పీకిన సైకిలు

రథసప్తమి, గురువారం, పొద్దెక్కి నాలుగు గడియలు. కమ్మరి పైడయ్యను సంస్థానం నుంచి వెళ్లగొట్టబోతున్నారని కబురు విని అతని భార్య నరసాయమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని కోటకు పరుగెత్తింది.

కొండమీది గుడికి పూలు మోసే రాజుగారి సైకిలుకు దివానుగారు పట్నం నుంచి స్ప్రింగుల ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే కవ, తెప్పించారు. పైడయ్య దాన్ని పీకేసి, దాని చోట కుంగని ఇనప ఫోర్కు బిగించాడు. అదీ నేరం.

"రాళ్లదారిలో చేతులు అదరకూడదని తెప్పిస్తే పీకేస్తావట్రా?" దివాను కోట మెట్లకింద నిలబడి గర్జించాడు.

"చిత్తం బాబూ. కొండెక్కేటప్పుడు తొక్కిన బలమంతా ఆ స్ప్రింగులే మింగేస్తున్నాయండి."

"కోతలు కొయ్యకు!"

నరసాయమ్మ గబగబా రెండు చేతులూ జోడించింది. పైడయ్య మాత్రం నెమ్మదిగా, "మెట్లెక్కేటప్పుడు తమ చెయ్యీ అదురుతుంది గదండీ" అంటూ సంచిలోంచి ఆ పీకిన స్ప్రింగునే తీసి దివానుగారి చేతికర్ర అడుక్కు తొడిగి ఇచ్చాడు.

దివాను దర్జాగా మెట్లెక్కసాగాడు. ఊతం కోసం బరువు వేసినప్పుడల్లా కర్ర కిందికి కుంగి, మనిషి ముందుకు తూలాడు. నాలుగో మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఒరేయ్, ఇది నన్ను మొయ్యడం లేదు, కిందికి లాగుతోంది! తీసెయ్యి!"

"సైకిలుక్కూడా అందుకే తీశానండి."

పైన కిటికీలోంచి చూస్తున్న రాజుగారు పకపకా నవ్వి, "ఇంటికెళ్లి పని చూసుకో పైడయ్యా" అన్నారు.

ఊరు వదలాల్సొస్తుందేమోనని నరసాయమ్మ కోటకు పరుగెత్తేముందే గిన్నెలన్నీ మూటగట్టేసింది. ఇంటికొచ్చి ఆ ముడులు విప్పేసరికి జాము దాటింది. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ ఆలస్యంగా అంబలి తాగారు.