ఏడుకొండలు పగటి నిద్ర

ల్యాప్‌టాపు కొనాలా, పెద్ద పెట్టె కంప్యూటరు కొనాలా అని పొద్దుటి నుంచీ మీ అమ్మ ప్రాణం తోడేస్తున్నావు. ఇలా రా, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఏది కొనాలో నాకు తెలీదు గానీ, కొన్నవాళ్ళ కథ ఒకటి తెలుసు. నవ్వొచ్చే కథ కాదు, ముందే చెబుతున్నాను.

అనగనగా, మరీ పాతకాలం కూడా కాదులే, కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో ఏడుకొండలు అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో వేసుకుని, రాత్రికి రాత్రే పట్నం మార్కెట్లో దించి వచ్చేవాడు. పొద్దున్న తొమ్మిదింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. సాయంత్రం మళ్ళీ లారీ ఎక్కాలి. ఊరందరికీ రాత్రి నిద్ర అయితే, ఆయనకి పగటి నిద్ర. అది సరిగ్గా లేకపోతే రాత్రి బండి మీద కళ్ళు మూతలు పడతాయి.

ఇల్లు చూస్తే ఒకటే గది, వెనకాల ఇంత వంటిల్లు. అందులోనే ఆయన, పెళ్ళాం మాణిక్యం, ఇంటర్ అయిపోయిన కూతురు హారిక, నాలుగేళ్ళ పిల్లాడు. మాణిక్యం మొగుడి నిద్రకి కాపలా కాసేది. కిటికీకి దుప్పటి కట్టేది. కుక్కరు కూత పెడుతుందని అన్నం గిన్నెలోనే వార్చేది. పిల్లాణ్ణి పక్కింటి వసారాలోకి తోలేసేది. కూరగాయలమ్మే ఆవిడ కూడా ఆ గుమ్మం ముందు కేక వేయకుండా, చెయ్యి ఊపి అడిగి వెళ్ళేది.

హారికకేమో కంప్యూటరు ఆటల్లో మహా నేర్పు. నెట్ సెంటర్లో కూర్చుని మగపిల్లలందర్నీ ఓడించేది. సొంతంగా మంచిదొకటి ఉంటే పెద్ద పోటీలకి వెళ్ళొచ్చని, తనతో కలిసి ఆడే జట్టువాళ్ళన్నారు. ఆ మాట విని ఏడుకొండలు పొంగిపోయాడు. రెండేళ్ళుగా దాచుకున్న అరవై వేలు తీసి, ఒక రోజు సెలవు పెట్టి, పెళ్ళాన్నీ కూతుర్నీ భీమవరం తీసుకెళ్ళాడు.

మొదటి కొట్టువాడు ల్యాప్‌టాపు చూపించాడు. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చన్నాడు. నిజమే, కానీ అరవై వేలకి వచ్చేదాంట్లో హారిక ఆట ఆగి ఆగి నడిచింది. ఆగకుండా నడవాలంటే ఎనభై ఐదు వేలన్నాడు. వాడి నవ్వు మాత్రం ఉచితం.

అప్పుడు రెండో కొట్టుకి వెళ్ళారు. అక్కడ అదే అరవై వేలకి డెస్క్‌టాపు, ఇంత వెడల్పు తెర, కీబోర్డు, యూపీఎస్ అన్నీ వస్తాయన్నారు. ఆట ఎక్కడా తడబడకుండా పరుగెత్తింది. హారిక ముఖం వెలిగిపోయింది. ఏడుకొండలు తెర వైపు చూడనే లేదు, కూతురి ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత మూడో కొట్టు. అక్కడి పెద్దాయన ధరల మాట ఎత్తకుండా, ఇంట్లో ఎక్కడ పెడతారమ్మా అని అడిగాడు. ఒకటే గదండీ, పగలు ఈయన పడుకోవాలండీ అంది మాణిక్యం. అయితే కాస్త తక్కువదైనా ల్యాప్‌టాపే తీసుకోండి, పిల్ల పక్కింట్లో కూర్చుని ఆడుకుంటుంది అన్నాడాయన. మాణిక్యం సరేనంది. హారిక కూడా, మనసు చంపుకుని, అదే కొందాం నాన్నా అంది.

"నేను పడుకున్నాక చెవి పక్కన హారన్ కొట్టినా లేవను. పెద్దదే కొందాం," అన్నాడు ఏడుకొండలు.

పచ్చి అబద్ధం. చెంచా కింద పడితే లేచి కూర్చునే మనిషి.

పెట్టె ఇంటికొచ్చింది. గదిలో ప్లగ్గు ఒక్కటే, అదీ మంచం తలాపున. అక్కడే బల్ల వేశారు. రాత్రి ఆడుకోవచ్చుగా అంటావేమో. రాత్రి ఆ గదిలోనే తల్లీ పిల్లాడూ పడుకోవాలి కదా. పైగా జట్టువాళ్ళ ఆటలన్నీ పగలే.

మొదటి వారం పెట్టెలో ఫ్యాను గుయ్యిమంటుంటే ఏడుకొండలు అటూ ఇటూ దొర్లాడు. ఇబ్బందిగా ఉందా నాన్నా అని హారిక అడిగినప్పుడల్లా, జోలపాటలా ఉందనేవాడు. రెండో వారం కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కీచుకీచుమంది. ఆయన ఉలిక్కిపడి లేచి, మంచినీళ్ళకి లేచానన్నాడు. మాణిక్యానికి అర్థమైంది. పిల్లకి చెబుతానంటే, చెప్పావంటే నా మీద ఒట్టే అన్నాడు. ఆవిడ ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో అని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

మూడో వారం పోటీలో ఆఖరి ఆట. హారిక చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన గొంతు తనకే వినపడక, జట్టువాళ్ళని కేకలేస్తూ మూడు గంటలు ఆడింది. గెలిచింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాపం నిద్రలో ఉన్నాడనుకుని, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద గెంతింది.

ఆ సాయంత్రం ఏడుకొండలు లారీ ఎక్కాడు. తెల్లారి ఇంటికి రాలేదు. కాలవ గట్టు మలుపులో లారీ తిన్నగా కాలవలోకి పోయిందట. బ్రేకు వేసిన గుర్తు కూడా లేదన్నారు.

ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. మొదటి రోజు కళ్ళు తెరవలేదు. రెండో రోజు తెరిచి, కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు.

"గెలిచి భలే గెంతావు తల్లీ, చూశాను," అన్నాడు.

అంటే నువ్వు పడుకోలేదా, మూడు వారాలూ పడుకోలేదా అని హారిక ఏడ్చింది.

"ఒక్క మాట చెబితే ఆపేసేదాన్ని కదా నాన్నా."

"ఆపేస్తావనే చెప్పలేదమ్మా," అన్నాడు ఏడుకొండలు.

మూడో రోజు ఆయన పోయాడు.

అదేంటి, ఏడుస్తున్నావా? నేను చెప్పొద్దనుకుంటూనే చెప్పేశాను. ఆయనది ప్రేమే, కాదనను. కానీ నాకు ఆ మనిషి మీద కోపం తీరదు. ఆ పిల్ల అడిగింది కదరా, ఎన్నిసార్లు అడిగింది. ఆ ఒక్క మాట తండ్రి నోట వింటే, మర్నాడే పెట్టె అమ్మేసి హాయిగా నెట్ సెంటర్‌కి పోయేది. ఇప్పుడు జన్మంతా, నేనే చంపుకున్నానని కుమిలిపోతోంది.

రేపు నువ్వు ఏది కొనుక్కున్నా సరే. నీ చప్పుడుకి నాకు నిద్ర పట్టకపోతే మాత్రం, నేను చెప్పేస్తాను. నువ్వు అలిగినా చెప్పేస్తాను.

కథ నడిచె కంచికి,
కునుకు మన మంచికి.
మాట చాలు నోటికి,
మంచి నిద్ర కంటికి.